కట్ట ఆసామిది – గండి మనదా?

"నా పట్టా భూమి. నా డబ్బు. నేను పోయించుకున్న కట్ట. దాని మీద నీకేం పనప్పా?"

పోయిన వానాకాలం ముందు మా ఊరి ఆసామి నన్నడిగిన మాట ఇది. మా పక్క బడిపంతులు ఎవరైనా ఊరందరికీ 'అయివారు'. మొన్న మొన్న ఉద్యోగంలో చేరిన కుర్ర పంతులైనా సరే, "రాండి అయివారూ" అని అరుగు మీద కుర్చీ వేస్తారు. నేను పద్దెనిమిదేండ్లుగా అదే మండలంలో పాఠాలు చెప్తున్నాను. నాకు మాత్రం 'అప్పా'నే, నిలబెట్టే మాట్లాడతారు. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల. ఆయన మన పత్రిక చదవడు. చదవాల్సింది అట్లాంటి కట్టల కింద పిల్లాజెల్లాతో పండుకుంటున్న మనోళ్లు.

ఊరి పేరు, ఆసామి పేరు ఎందుకు రాయలేదని కొందరు అడుగుతారు. రాస్తే ఇది ఒక ఊరి తగాదా అయిపోతుంది. "వాళ్లకీ వాళ్లకీ పాత కక్షలు" అని ఒక్క మాటతో తోసేస్తారు. చిత్తూరు, కడప, అనంతపురం పక్కల వంకలకడ్డంగా ఎన్ని సొంత కట్టలు లేచాయో మీ మండలంలో మీరే తిరిగి లెక్కబెట్టండి. ఆ కట్టల కింద ఎవరి ఇండ్లున్నాయో కూడా రాసుకోండి. అప్పుడు పేర్లతో పనిలేదు.

మా ఊరికి పడమట రెండు గుట్టల నడుమ ఒక వంక ఉంది. పన్నెండేండ్ల కింద ఆసామి దానికడ్డంగా జేసీబీలు పెట్టి ఇరవై దినాల్లో కట్ట లేపినాడు. ఎత్తు ఇరవైరెండడుగులు. నిండితే నాలుగెకరాలు నీళ్లు నిలబడతాయి. కొన్ని నీళ్లు మామిడితోటకి, మిగతావి చేపలకి. కట్టకి అరకిలోమీటరు దిగువన మా పల్లె, అరవైనాలుగు ఇండ్లు. ఆ కాలనీ స్థలాలు కట్టకంటే చాలాముందు మనోళ్లకిచ్చినవి. వంక పోరంబోకు పక్కన, ఊళ్లో ఎవరూ అడగని పల్లపు నేల కాబట్టి మనకిచ్చారు. "కట్ట కింద ఇండ్లెందుకు కట్టుకున్నారు?" అని అడిగే పెద్దమనుషులకి ఇది గట్టిగా చెప్పాల: మేం కట్ట కిందికి పోలేదు, కట్టే మా నెత్తిమీదికి వచ్చింది.

ఎనిమిదో తరగతి పిల్లలతో బోర్డు మీద ఒక లెక్క చేయించాను. నాలుగెకరాలంటే సుమారు 16,000 చదరపు మీటర్లు. సగటు లోతు రెండున్నర మీటర్లు వేసుకున్నాం. గుణిస్తే 40,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీళ్లు ఒక టన్ను బరువు. అంటే 40,000 టన్నులు. పది టన్నుల లారీల్లో ఎత్తితే నాలుగు వేల లారీలు. పెద్ద గండి పడితే ఆ నాలుగు వేల లారీల నీళ్లు గంటా గంటన్నరలో మన వీధిలోంచే పోవాల, వేరే దారి లేదు. లెక్క అయిపోయినాక వెనక బెంచీలో పిల్ల ఒకతె లేచి, "సార్, మా ఇల్లు మొదటి లైను" అనింది. నేను బోర్డు తుడిచేసినాను. ఏం చెప్పాల?

మట్టికట్ట ఎట్లా తెగుతుందో మా ఇంట్లో తెలియని సంగతి కాదు. మా తాత నీరుగంటి. మా నాయన కూడా కొన్నేండ్లు ఆ పని చేసినోడే. సీమ పల్లెల్లో చాలాచోట్ల నీరుగంటి పని మాలమాదిగల మీదే ఉండేది. తూము తీసేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లో పంచేది, వానరాత్రి గోనెపట్ట కప్పుకుని లాంతరు పట్టుకుని కట్ట ఈ కొస నుంచి ఆ కొసకి తిరిగేది వాళ్లే. సెంటు మడి లేనోడు ఊరందరి మళ్లకీ నీళ్లు పంచినాడు, కళ్లంలో కొలిచే మేర కోసం. ఆ మేర కూడా అడుక్కున్నట్టు నిలబడి తెచ్చుకోవాల్సిందే. అయితే ఒక్కటి మాత్రం నిజం. కట్ట సంగతి ఆ ఊళ్లో వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మా నాయన చెప్పేవాడు: "కట్ట అడుగున ఊట తేటగా వస్తే కట్టకి చెమట పట్టిందనుకో. ఎర్రగా వస్తే నెత్తురు పోతాండాదనుకో." ఇంజనీర్లు దీన్నే పైపింగు అంటారు. కట్ట లోపల నీళ్లు సన్నటి దారి చేసుకుంటాయి. తేటగా వచ్చినంత సేపు మట్టి కదల్లేదని అర్థం. బురదగా వచ్చిందంటే నీళ్లు మట్టిని వెంట తీసుకొస్తున్నాయి, లోపల బుంగ పెద్దదవుతోంది. పైన కట్ట చూడటానికి చక్కగానే ఉంటుంది, గడ్డి మొలిచి పచ్చగా కూడా ఉంటుంది. ఒకనాటి రాత్రి ఉన్నట్టుండి నడిమధ్యన కూలిపోతుంది.

రెండోది, నీళ్లు కట్ట మీదుగా పొర్లడం. రాతికట్టయితే కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట తట్టుకోదు. పొర్లిన నీళ్లు బయటి వాలుని కోస్తాయి, కోత గాడి అవుతుంది, గాడి గండి అవుతుంది. గండి మొదలైతే మనిషన్నవాడు ఆపలేడు. అందుకే పాతకాలంలో ముందు మొరవ చూసుకుని తర్వాత కట్ట పోసేవాళ్లు. మొరవ అని మేమంటాం. అలుగు, కలుజు, మత్తడి అని ఒక్కో సీమలో ఒక్కో పేరు. ఎక్కువైన నీళ్లు కట్టని తాకకుండా పక్కదారిన పోవడానికి అది.

ఇప్పుడు ఆసామి కట్ట చూడండి. మా పల్లె పిల్లోళ్లే ఆ పనికి కూలికి పోయినారు కాబట్టి దాని కడుపులో ఏముందో మాకు తెలుసు. వంకలో ఇసక తీసి, గట్టినేల తగిలేదాకా కందకం తవ్వి, బంకమట్టితో నింపి దాని మీద కట్ట లేపాల. తవ్వలేదు. ఇసక మీదనే పోసినారు. జానెడు జానెడు మందాన మట్టి పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టి, ఆపైన ఇంకో పొర పోయాల. జేసీబీ తొట్టితో గుట్టగా పోసి, ట్రాక్టరు నాలుగుసార్లు తిప్పి అయిందనిపించినారు. తూముకి బదులు ప్లాస్టిక్ పైపు ఒకటి కట్టలో పండబెట్టినారు. నున్నటి పైపు వెంబడి, దాని బయటి పక్కన నీళ్లు జారిపోతాయి. బుంగ మొదలయ్యే చోటు అదే. ఇక మొరవ. పన్నెండడుగుల వెడల్పు. దానికడ్డంగా చేపలు పోకుండా వల కట్టినారు. నీళ్లు ఇంకొంచెం నిలబడాలని వల ముందర రెండు వరసలు ఇసక మూటలు పేర్చినారు. మొరవ గడపకీ కట్ట తలకీ మధ్య ఉండాల్సిన ఖాళీని చేపలకి కౌలుకిచ్చినట్టు. వానొస్తే చెత్తాచెదారం వచ్చి వలకి పట్టుకుంటుంది. అంతే, మొరవ మూసుకున్నట్టే.

ఈ చేపల వల సంగతి మా ఊరి కనిపెట్టుబడి కాదు. అమెరికాలో పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ అనే కార్మికుల ఊరు. దాని ఎగువన కొండల్లో సౌత్‌ఫోర్క్ అనే మట్టి ఆనకట్ట. దాన్ని కొందరు కోటీశ్వరులు కొనుక్కుని, వేసవిలో పడవ షికార్లకి, చేపల వేటకి క్లబ్బు పెట్టుకున్నారు. ఇనుప కంపెనీల కార్నెగీ, ఫ్రిక్ అందులో సభ్యులు. అడుగు గొట్టాలు అంతకుముందే ఎవరో పీకి అమ్మేసుకుంటే మళ్లీ వేయించలేదు. గుర్రబ్బండ్లు పోవడానికని కట్ట తలని కొంచెం చెక్కినారు. కొనుక్కుని వదిలిన చేపలు పోకూడదని మొరవకి ఇనుప జల్లెడలు బిగించినారు. దిగువ ఇనుప కంపెనీ తరఫున ఒక ఇంజనీరు 1880లోనే వచ్చి చూసి, ఇది ప్రమాదం అని రాసినాడు. మీకేం భయం లేదు పొమ్మని క్లబ్బువాళ్లు జవాబిచ్చినారు. 1889 మే 31న వానకి జల్లెడలకి చెత్త పట్టింది, నీళ్లు కట్ట మీదుగా పొర్లినాయి, కట్ట తెగింది. 2,209 మంది చచ్చిపోయినారు. క్లబ్బు నుంచి కోర్టులో ఒక్క పైసా రాబట్టలేకపోయినారు.

అంత పాత కథెందుకంటారా? కెన్యా దేశంలో నకూరు పక్కన సోలాయి అనే చోట ఒక పెద్ద ఎస్టేటు. అందులో యజమాని సొంతానికి కట్టుకున్న మట్టి ఆనకట్ట, పేరు పటేల్ డ్యామ్. 2018 మే 9 రాత్రి వానల్లో తెగింది. దిగువన కూలీనాలీ జనం ఇండ్లు. 48 మంది పోయినారు, వాళ్లలో పిల్లలు చాలామంది. డ్యామ్‌కి లైసెన్సు లేదని ఆ దేశపు నీళ్ల శాఖ చెప్పింది. ఎప్పుడు చెప్పింది? తెగినాక. ఎస్టేటు యజమాని మీద, కొందరు అధికార్ల మీద 48 మందిని చంపిన నేరం కింద కేసు పెట్టినారు. ఎప్పుడు పెట్టినారు? పీనుగుల్ని పూడ్చినాక. అక్కడి వాళ్ల రంగు వేరు, భాష వేరు. కట్ట పైనెవరున్నారు, కిందెవరున్నారు అనేది మాత్రం మా వంక మాదిరే.

మా అనుభవానికొస్తాను. 2021 నవంబర్. కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాల మీద ఆకాశం చిల్లు పడినట్టు కురిసింది. 18వ తేదీ రాత్రి పది గంటలకి మా పెద్దమ్మ పరుగెత్తుకుంటా వచ్చింది. కట్ట కింది ఊటలో గుడ్డలుతికే మనిషి, ఆ నీళ్ల రంగు ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. "ఒరే నాయనా, ఊటలో మన్ను వస్తాండాది. టీనీళ్ల మాదిరుండాయిరా" అనింది. టార్చిలు పట్టుకుని పోయినాం. కట్ట తలకీ నీళ్లకీ మధ్య మూరెడు కూడా లేదు. మొరవ దగ్గర వల నిండా కంపలు. ఆసామి తోటమాలి ఒక్కడే గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. వల కోయాలంటే ఆసామికి ఫోను చేసి అడగాలన్నాడు. ఫోను కలవలేదు. మా పిల్లోళ్లు అడక్కుండానే కోసినారు. మూటలు లాగిపారేసినారు. నీళ్లు ఒరుసుకుంటా మొరవలో దుమికినాయి. అరవైనాలుగు ఇండ్ల జనాన్ని, ముసలోళ్లని వీపున వేసుకుని, మిట్టనున్న ఇస్కూలుకి చేర్చినాం. తాళం నా దగ్గరుండబట్టి సరిపోయింది. లేకుంటే ఆ రాత్రి ఊళ్లో ఎవరి తలుపు తెరుచుకునేదో నాకు తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు.

కట్ట నిలిచింది. తెల్లారేసరికి ఇంకోచోట కట్ట నిలవలేదు. 19వ తేదీ ఉదయం రాజంపేట పక్కన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పైనున్న పింఛా నుంచి వరద ముంచుకొచ్చింది. ఉన్న అయిదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట ఊళ్ల మీద నీళ్లు పడినాయి. పదుల మంది పోయినారు. గవర్నమెంటు ప్రాజెక్టుకి, ఇంజనీర్లు, జీతాలు, గేట్లు అన్నీ ఉన్నదానికి ఆ గతి. అదే వారంలో తిరుపతి పక్కన రాయలచెరువు కట్టలోంచి నీళ్లు ఉబికితే దిగువ ఊళ్లన్నీ ఖాళీ చేయించినారు, అధికార్లు కట్ట మీదనే కాపురమున్నారు. మంచిదే. అది అందరికీ తెలిసిన చెరువు. మా వంకలోని కట్ట ఏ అధికారి కాగితంలోనూ లేదు. లేనిదానికి గండి పడితే వచ్చి చూసేదెవరు?

వానలు వెలిసినాక అర్జీ పట్టుకుని తిరిగినాను. మండలాఫీసులో అడిగితే చిన్ననీటి శాఖకి పొమ్మన్నారు. చిన్ననీటి శాఖలో జాబితా తిరగేసి, దీనికి ఆయకట్టు లేదు కాబట్టి మాది కాదన్నారు. పంచాయతీలో అడిగితే పట్టాభూమి కదా అన్నారు. చేపల శాఖలో చేపలు మాత్రమే మావి, కట్ట మాది కాదన్నారు. ఒకాయన మంచిగానే, "ఇంతవరకూ ఏం కాలేదు కదా మాస్టారూ" అన్నాడు. ఏమైతే అర్జీ తీసుకుంటారో ఆయన్ని అడగలేదు.

పార్లమెంటు చేసిన చట్టం ఒకటుంది. డ్యామ్ భద్రతా చట్టం, 2021. ఆ డిసెంబర్ 30 నుంచి అమల్లోకి వచ్చింది. తనిఖీలు, వానాకాలం ముందొకసారి, తర్వాత ఒకసారి చూడటం, రాష్ట్ర సంస్థ, ఢిల్లీలో సంస్థ అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆ చట్టం కంటికి ఆనాలంటే కట్ట 15 మీటర్లు దాటాల. అంటే దగ్గర దగ్గర 50 అడుగులు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే అర కిలోమీటరు పొడుగైనా ఉండాల, 10 లక్షల ఘనపు మీటర్ల నీళ్లైనా పట్టాల, లేదా అట్లాంటి ఇంకేదో షరతు కలవాల. 10 మీటర్లకి లోపలైతే ఆ చట్టానికి అది ఆనకట్టే కాదు. మా కట్ట ఏడు మీటర్లు కూడా లేదు.

కట్ట ఎత్తు కొలిచినారు, కింద తలకాయలు లెక్కబెట్టలేదు. నా కోపమంతా ఇక్కడ. ఆరడుగుల మనిషి చావడానికి యాభై అడుగుల కట్ట అక్కర్లేదు. మంచంలో పండుకున్న పసిబిడ్డకి మోకాలి లోతు చాలు. ఇంగ్లండులో 1975లో చేసిన చట్టం ప్రకారం 25,000 ఘనపు మీటర్లు పట్టే జలాశయమైతే, అది ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రిజిస్టరు చేయాల, అర్హతున్న ఇంజనీరు చూడాల. మా పిల్లలు బోర్డు మీద వేసిన లెక్క 40,000. అంటే మా ఆసామి కట్ట ఆ దేశంలో ఉంటే దానికో నంబరు, ఒక ఇంజనీరు ఉండేవాళ్లు. అమెరికాలో కట్టల్ని వర్గాలుగా విడదీసేటప్పుడు అది తెగితే కింద ప్రాణం పోతుందా అని చూస్తారు. చిన్న కట్టైనా సరే, ప్రాణం పోయేట్టుంటే ఎక్కువ ప్రమాదమున్న వర్గంలో వేస్తారు. మన చట్టం చేసిన పెద్దలకి ఈ సంగతులు తెలియవని నేననుకోను.

"సొంత భూమిలో సొంత కట్ట" అనే మాటకి ఇప్పుడు జవాబు. మన వకీలు ఒకాయన, "జాగ్రత్త సార్, మన కార్వేటినగరం జమీందారు కేసు మీకు అడ్డమొస్తుంది" అని భయపెట్టినాడు. పోయి చదివినాను. జమీందారు చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ వంతెనలు కొట్టుకుపోతే, కంపెనీ నష్టపరిహారం కోసం లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1874లో తీర్పు. కంపెనీ ఓడింది. రైల్వే కంపెనీకి అంతదూరం పోయే స్తోమతుంది కాబట్టి ఆ కేసు పుస్తకాలకెక్కింది. చెరువు కింద గుడిసెలు పోయిన కేసులు ఏ పుస్తకంలో ఉన్నాయో వెతకండి. సరే, జమీందారు ఎందుకు గెలిచినాడు? అవి తరతరాల చెరువులు, రైతుల సేద్యానికి వాటిని నిలబెట్టడం అతని మీదున్న బాధ్యత, అతనికి ఇష్టం లేకపోయినా పూడ్చేయడానికి లేదు, నిర్లక్ష్యం కూడా రుజువు కాలేదు అని. అంతకు ఆరేండ్ల ముందు, 1868లో, ఇంగ్లండులో రైలాండ్స్, ఫ్లెచర్ కేసు తీర్పు ఉంది. ఒక మిల్లు యజమాని సొంతానికి జలాశయం కట్టుకుంటే నీళ్లు పక్కవాడి బొగ్గుగనిలోకి పోయినాయి. తన లాభానికి ప్రమాదమైనదాన్ని తన నేలలో తెచ్చిపెట్టుకున్నోడు, అది తప్పించుకుపోతే నష్టం కట్టాల్సిందేనని అక్కడి పెద్ద కోర్టు చెప్పింది.

మా ఆసామి ఏ జమీందారు? ఆయన కట్ట కింద ఏ రైతు మడీ పారదు. ఊరి చెరువు కాదు, తరతరాలది కాదు. చేపలు ఆయనవి, మామిడికాయలు ఆయనవి. కార్వేటినగరం గొడుగు ఈయన నెత్తికి పట్టదు. ఈయన మిల్లు యజమాని వరసలోనే వస్తాడు. వకీలుకి ఇదే చెప్తే నవ్వి, "వాదించొచ్చు" అన్నాడు. వాదించొచ్చు సరే, నష్టపరిహారం గండి పడినాక వచ్చేది. మాకు కావాల్సింది ముందు సంగతి.

దానికీ దారుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో 133వ సెక్షను. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలో అది 152. పడిపోయి చుట్టుపక్కల జనానికి హాని చేసేట్టున్న కట్టడాన్ని సరిచేయమనో, తీసేయమనో యజమానికి ఆర్డరు వేసే అధికారం సబ్‌డివిజనల్ మేజిస్ట్రేటుకి, అంటే మన ఆర్డీవోకి, ఉంది. పోలీసులే చెప్పాలని లేదు, ఎవరి సమాచారం మీదైనా కదలొచ్చు. 1980లో రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు ఇదే 133వ సెక్షను కింద మురికికాలువల పక్కన బతికే జనం పక్షాన తీర్పిచ్చింది. డబ్బుల్లేవనే సాకు చెల్లదంది. ఆ తీర్పు కాపీ తీసి అర్జీకి కుట్టండి. సమాచార హక్కు చట్టం కింద, ఈ కట్టకి ఎవరు అనుమతిచ్చారు, ఎవరు ఎప్పుడు చూశారు అని నాలుగు ఆఫీసులనీ అడగండి. "మా దగ్గర సమాచారం లేదు" అని నాలుగు చోట్ల నుంచీ వస్తుంది. ఆ నాలుగు కాగితాలే పెద్ద సాక్ష్యం.

ఇక్కడ మనలో మనకి రెండు పంచాయితీలు వచ్చినాయి. దాచకుండా రాస్తాను.

మొదటిది. "అర్జీలెందుకు సార్, ఒక రాత్రి పోయి కట్ట తెంపేస్తే పీడా వదుల్తుంది" అన్నారు కొందరు పిల్లోళ్లు. వాళ్ల కోపం నాకు అర్థం కాకపోలేదు. కానీ నాయనా, నిండిన మట్టికట్టకి మూరెడు గాడి పెడితే అది మూరెడుతో ఆగదు. నీళ్లే దాన్ని కోసుకుంటాయి. ఆ నాలుగు వేల లారీలు మనమే మన ఇండ్ల మీదికి తోలుకున్నట్టవుతుంది. కేసు కూడా మన మీదే పడుతుంది. నీళ్లు దించాలంటే మెల్లగా, పైపుతోనో మోటర్లతోనో, దినానికి కొంచెం కొంచెం దించాల. ఉన్నట్టుండి దించితే తడిసిన లోపలి వాలు జారిపోతుంది. ఈ మాట మీద గట్టిగా నిలబడాల.

రెండోది ఇంకా కష్టమైనది. కట్టని మనమే కనిపెట్టి చూద్దామని నేనంటే, మన సంఘంలో ఒక తమ్ముడు లేచి అడిగినాడు. "మీ తాత, మా తాత వాళ్ల కట్టలకి కావలి కాసింది చాలదా సార్? మళ్లా వాడి కట్టకి మనమే ఉత్తపుణ్యానికి కాపలా కాయాల్నా? ఇది వెట్టి కాదా?" ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తమ్ముడి మాటలో న్యాయముంది. కట్టని చూడాల్సింది యజమాని, యజమాని చూస్తున్నాడో లేదో చూడాల్సింది ప్రభుత్వం. ఆ బాధ్యత వాళ్ల మీద నుంచి మనం దించకూడదు. కానీ తేడా ఒకటుంది. మా తాత చూసింది పోయి పెద్దరెడ్డి వాకిట్లో చెప్పేవాడు, ఆయన వింటే విన్నట్టు, లేకుంటే లేదు. మనం చూసింది మన నోట్‌బుక్కులో తేదీ వేసి రాసుకుంటాం. కాపీ ఆర్డీవోకి రిజిస్టరు పోస్టులో పోతుంది. ఆయన పంట కాపాడటానికి కాదు, ఆయన మీద సాక్ష్యం కూడబెట్టడానికి చూస్తాం. తాత కన్ను తాతదే, ఆ కన్ను చూసిన లెక్క మాత్రం ఇప్పుడు మన చేతిలో ఉంటుంది. తమ్ముడు పూర్తిగా ఒప్పుకోలేదు. అయినా మొదటి వారం నోట్‌బుక్కు అతనే రాసినాడు.

ఏం చూడాలో చెప్తాను, పెద్ద చదువులేమీ అక్కర్లేదు. ఒకే బిందె పెట్టుకుని ఊట కింద ఉంచి, నిండటానికి ఎన్ని నిమిషాలు పట్టిందో వారానికొకసారి రాయండి, వానలప్పుడు దినమూ రాయండి. ఆ రోజు కుంటలో నీళ్లెంత ఎత్తున్నాయో కూడా పక్కనే రాయాల. నీళ్లు పెరిగితే ఊట కొంచెం పెరగడం మామూలే. నీళ్లు పెరగకుండా ఊట పెరిగిందంటేనే గుండె దడ. తెల్లసీసాలో ఆ నీళ్లు పట్టి రాత్రంతా కదపకుండా ఉంచితే అడుగున మన్ను పేరుకుందో లేదో పొద్దునకి తేలిపోతుంది. కట్ట తల మీద వరసగా మేకులు కొట్టి దారం లాగి చూడండి, ఎక్కడన్నా కుంగితే దారం చెప్తుంది. కట్ట పొడుగునా బీట పడితే అటొకటి ఇటొకటి మేకు కొట్టి మధ్య దూరం కొలవండి. పైపు చుట్టుపక్కల తేమ చూడండి. మొరవలో వల, మూటలు ఉన్నాయా లేవా, తేదీతో ఫోను ఫొటో తియ్యండి. పట్టాభూమిలోకి వచ్చారని కేసు పెడతారేమో అనుకుంటే, బయటి వంకలో నిలబడి చూడగలిగినవే సగం పైగా ఉన్నాయి. ఊట మన పక్కకే కదా వచ్చేది.

ఎండ్రకాయల బొక్కలు, ఎలక బొక్కలు కూడా రాయండి. నవ్వుతారేమో. 2019 జూలై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే ఆనకట్ట తెగి ఇరవై మంది దాకా పోతే, అక్కడి జలసంరక్షణ మంత్రి ఎండ్రకాయలు బొక్కలు పెట్టడం వల్లే తెగిందన్నాడు. ఊరోళ్లు ముందే కారుతోందని అర్జీలిచ్చి ఉన్నారు. రేపు మన కట్ట తెగినా ఎండ్రకాయల మీదనే కేసు పెడతారు. ఫలానా తేదీన ఫలానా చోట బొక్కలున్నాయని మేం రాసిచ్చాం, మీరు పూడ్చలేదు అని చూపించడానికి మన దగ్గర కాగితముండాల.

మన ఉద్యమానికి నీళ్లు కొత్త కాదు. 1927లో మహద్ చౌదార్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ముంచింది నీళ్లు తాగే హక్కు కోసం. 1985లో కారంచేడు మంట అంటుకుంది మాదిగలు తాగే చెరువు దగ్గరే. నీళ్ల దగ్గరికి రానివ్వలేదని ఇన్నాళ్లు కొట్లాడినాం. ఇప్పుడు అవే నీళ్లు నిద్రలో మన ఇంట్లోకి రాకుండా కొట్లాడుతున్నాం.

మేం అడుగుతున్నది ఎక్కువ కాదు. కట్ట ఎన్ని అడుగులైనా సరే, దిగువన ఇండ్లుంటే అది మండల రిజిస్టరుకి ఎక్కాల. వానాకాలం ముందు ఇంజనీరు వచ్చి చూసి, తన సంతకంతో కాగితం పంచాయతీ గోడకి అంటించాల, ఒక కాపీ దళితవాడకి ఇవ్వాల. మొరవకి అడ్డం పెట్టిన యజమాని మీద అప్పటికప్పుడు కేసు కట్టాల. కట్ట సరిచేయడానికి కుదరకపోతే ఆయన ఖర్చుతోనే నీళ్లు దించి కట్ట తీసేయాల. "కాలనీని వేరేచోటికి మారుస్తాం" అని ఎవరైనా తియ్యగా చెప్తే నమ్మొద్దు. ముందొచ్చింది మనం.

మా అర్జీ ఆర్డీవో ఆఫీసులో పడి మూడు నెలలైంది. "పరిశీలనలో ఉంది" అని ఒక కాగితం వచ్చింది. ఆసామి వల మళ్లీ కట్టినాడు, మూటలు మాత్రం ఈసారి ఒక్క వరసే పేర్చినాడు. పోయిన ఆదివారం బిందె పదకొండు నిమిషాలకి నిండింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. రాసింది మా పెద్దమ్మ మనవరాలు, ఎనిమిదో తరగతి, మొదటి లైను ఇల్లు.